తలాపున కూర్చున్నవాళ్లు

కిందటి నెల మా పాత యూనిట్ నుంచి ఫోన్ వచ్చింది. గుండె విభాగంలో కొత్తగా పన్నెండు మంది చేరారట. నర్సులు, ఇద్దరు పర్ఫ్యూజనిస్టులు, క్యాథ్ ల్యాబ్ టెక్నీషియన్లు. "ఇంతకుముందు చేరినవాళ్లలో ముగ్గురు ఆర్నెల్లకే మానేసిపోయారక్కా. మీరొచ్చి నాలుగు మాటలు చెప్తే వీళ్లన్నా నిలబడతారు" అంది ఇప్పటి ఇన్‌ఛార్జి.

1987లో ఉద్యోగంలో చేరి 2021లో దిగిపోయాను. ముప్పై నాలుగేళ్లూ గుండె వార్డుల్లోనే గడిచాయి. ఉత్త ధైర్యం మాటలు రెండు రోజుల కంటే నిలవవని నాకు తెలుసు. తాను చేస్తున్న పని ఎక్కడ పుట్టిందో, ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో తెలిసిన మనిషి నైట్ డ్యూటీలో కూడా నిటారుగా కూర్చుంటుంది. అందుకని మన పని చరిత్ర చెప్తానన్నాను. ఆ రోజు చెప్పినదీ, టైం చాలక చెప్పలేకపోయినదీ ఇక్కడ రాస్తున్నాను.

మాది మహేశ్వరం. చార్మినార్ నుంచి ముప్పై కిలోమీటర్ల లోపే. ఇప్పుడు విమానాలు మా నెత్తి మీదుగానే దిగుతుంటాయి గానీ, నా చిన్నప్పుడు పట్నం మాకు చాలా దూరం. ఊరికి గుర్తు శివగంగ. కోనేరు నడుమ రాజరాజేశ్వరుడి గుడి, చుట్టూ చిన్న చిన్న గుళ్లు. తానీషా కాలంలో అక్కన్న మాదన్నలు కట్టించారని పెద్దలు చెప్పేవాళ్లు. శ్రీశైలం రోడ్డు మీది మహేశ్వరం గేట్ దాకా నడిచి అక్కడ బస్సు పట్టుకోవాలి. తుక్కుగూడ, పహాడీషరీఫ్, చాంద్రాయణగుట్ట దాటితేనే పట్నం మొహం.

1981లో, కోడి కూసే వేళ మా పెద్దనాయిన ఛాతీ పట్టుకొని కూలబడ్డాడు. ఒళ్లంతా చెమటలు. "గాలి పట్టింది, జర అల్లం రసం తాగియ్యుండ్రి" అన్నారు. తాగించారు. సోడా పోశారు. వీపు రాశారు. తెల్లారినాక ఎడ్లబండి మీద గేట్ దాకా తెచ్చి బస్సెక్కించారు. పహాడీషరీఫ్ గుట్ట కనిపించే చోట ఆయన తల మా నాయిన భుజం మీద వాలిపోయింది. ఆ అల్లం రసం ఇచ్చిన వాళ్లను నేను ఏనాడూ తప్పుపట్టలేదు. వాళ్లకు తెలిసింది అంతే, చేతికందింది అంతే. ఛాతీ నొప్పి మొదలైన క్షణం నుంచి లెక్కపెట్టాల్సింది గంటలు కాదు నిమిషాలని చెప్పే మనిషి అప్పుడు మా ఊళ్లో లేడు. నేను నర్సింగ్‌లోకి రావడానికి కారణం వేరే వెతుక్కోనక్కర్లేదు.

ఇక పట్నం సంగతి. గుండె గురించి ప్రపంచమంతా హైదరాబాద్ వైపు చూసిన రోజొకటుంది. అది అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో, 1889లో జరిగింది. ఆపరేషన్ ముందు మత్తు కోసం క్లోరోఫాం పీల్పించే కాలమది. కొందరు ఆ మత్తులోనే చనిపోయేవాళ్లు. ముందు ఆగేది ఊపిరా, గుండెనా? దీని మీద డాక్టర్లు రెండు జట్లయ్యారు. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ హైదరాబాద్ మెడికల్ స్కూల్‌కు పెద్ద. ఎడిన్‌బరోలో సైమ్ అనే గురువు దగ్గర చదివిన మనిషి. "ఊపిరినే చూడండి, నాడి జోలికి పోవద్దు. ఊపిరి సరిగా ఉంటే గుండెకేం కాదు" అన్నది ఆయన వాదం. అది తేల్చడానికి 1888లో ఒక కమిషన్ వేశారు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక దాని ఫలితాన్ని నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చి, లాన్సెట్ తరఫున ఎవరినైనా పంపమన్నాడు. వాళ్లు లాడర్ బ్రంటన్‌ను పంపారు. గుండె మీద పెద్ద పేరున్న డాక్టరు. గుండె ముందు ఆగవచ్చని నమ్మి ఓడ దిగిన ఆయన, ఇక్కడ వందల జంతువుల మీద పరీక్షలు చూశాక ఊపిరే ముందు ఆగుతుందని లండన్‌కు తంతి కొట్టాడు. రెండో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ అంటే అదే.

లారీ గెలిచానని అనుకున్నాడు. కానీ 1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు పిల్లుల మీద వేరే సంగతి చూపించాడు. క్లోరోఫాం తక్కువ మోతాదులో ఉండగానే గుండె అకస్మాత్తుగా వణికిపోయి ఆగవచ్చని. మనం రోజూ వీఎఫ్ అని పిలుచుకునేది అదే. ఊపిరి సరిగానే ఉండగా గుండె ఆగిపోతుంది. అంత ఖర్చుతో, అంత పెద్దవాళ్లు తేల్చిన మాటలో సగమే నిజమని బయటపడడానికి ఇరవై రెండేళ్లు పట్టింది.

లారీని నేను తక్కువ చేయను. ఊపిరి మీద కన్ను తిప్పకూడదన్న క్రమశిక్షణ ఆయన నేర్పినదే, అది ఎంతోమందిని కాపాడింది. ఆడపిల్లలకు తన స్కూల్ తలుపు తెరిచినవాడు కూడా ఆయనే. అట్లా వచ్చిన విద్యార్థుల్లో ఒకరు రూపాబాయి ఫర్దూన్‌జీ. పార్సీ అమ్మాయి. 1889లో, కమిషన్ కూర్చున్న ఏడాదే, చదువు పూర్తిచేసింది. హైదరాబాద్ ఆసుపత్రుల్లో క్లోరోఫాం ఇచ్చే పనిలో ఏళ్ల తరబడి ఉంది. ప్రపంచంలోనే మొదటి మహిళా అనస్థటిస్టుల్లో ఒకరిగా ఇప్పుడు ఆమె పేరు చెప్తున్నారు. 1909లో ఎడిన్‌బరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు కూడా చదువుకుంది. సర్జన్ కత్తి దగ్గర నిలబడితే, రోగి తలాపున కూర్చుని మొహం, పెదాల రంగు, ఊపిరి చూస్తూ ఉండేది ఈమె. నాకు మన పని అక్కడే మొదలైనట్టు అనిపిస్తుంది. గుండె విభాగంలో మనమందరం తలాపున కూర్చున్నవాళ్లమే.

ఆ పాత అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో పోయింది. పక్కనే ఉన్న చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆవరణలో ఉంది. మందుల కోసం పోయినప్పుడు ఒకసారి దాని కింద నిలబడి చూడండి. విన్సెంట్ ఎష్ గీసిన ఉస్మానియా భవనం 1925లో లేచింది. నూరేళ్లకు, 2025 జనవరి 31న, గోషామహల్‌లో కొత్త ఉస్మానియాకు శంకుస్థాపన జరిగింది.

క్లోరోఫాం కమిషన్ గురించి నేను చదివింది చాలా తర్వాత. చదవగానే నా ఒళ్లు జలదరించింది. ఎందుకంటే సరిగ్గా నూరేళ్ల తర్వాత, 1989లో, ఒక్క గుర్తునే చూసి నమ్మకూడదన్న అదే పాఠం నేను ఒక రాత్రిలో నేర్చుకున్నాను. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అక్కర్లేదు.

వాల్వు మార్చిన మనిషి. నలభై ఏళ్లుంటాయి, పరిగి దిక్కు రైతు. ఆపరేషన్ అయి రెండో రాత్రి. పరిస్థితి బాగుందని, బీపీ చూపే ఆర్టీరియల్ లైన్ మధ్యాహ్నమే తీసేశారు. మంచం పక్కన మానిటర్, నల్ల తెర మీద పచ్చ గీత ఒక్కటి. ఆ గీత మీద నాకు అప్పట్లో ఎంత నమ్మకమో! ఛాతీలో నుంచి వచ్చే డ్రెయిన్ గొట్టాన్ని గంటకోసారి వేళ్లతో పిండి రక్తపు గడ్డలు కిందికి జార్చాలి. మిల్కింగ్ అంటాం. ఎంత రక్తం దిగిందో చార్టులో రాయాలి. పదకొండుకు నలభై, పన్నెండుకు ముప్పై. ఒంటిగంటకు చూస్తే సీసాలో గీత కదల్లేదు. రక్తం కారడం ఆగిందని సంతోషపడి "సున్నా" అని రాసి, పెన్నుకు మూత పెట్టాను.

మా ఇన్‌ఛార్జి సిస్టర్ కొట్టాయం ఆవిడ. ఆ రోజుల్లో హైదరాబాద్ గుండె వార్డులను నిలబెట్టినవాళ్లలో మలయాళీ సిస్టర్లు చాలామంది. ఆవిడ రౌండ్‌కొచ్చి నా చార్టు చూడలేదు, మానిటర్ చూడలేదు. నేరుగా పేషెంటు చేయి పట్టుకుంది. చేయి చల్లగా ఉంది. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. తెర మీద గీత మాత్రం చక్కగా నడుస్తోంది. "నాడి లేదు" అంది. రెండో మాట: "డ్రెయిన్ తగ్గలేదమ్మా, మూసుకుపోయింది."

గొట్టంలో గడ్డ అడ్డుపడింది. లోపల రక్తం నిండి గుండెను నలిపేస్తోంది. టాంపోనేడ్. గుండెలో కరెంటు నడుస్తుంది, తెర మీద గీత వస్తుంది, ఒంట్లోకి రక్తం మాత్రం పోదు. ఆవిడ గొట్టాన్ని పిండుతూనే సర్జన్‌ను పిలిపించింది. ఆయన చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చి మంచం మీదే కుట్లు విప్పాడు. అరచేతి నిండా గడ్డలు తీశాడు. మానిటర్ మీద గీత అంతకుముందు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. కానీ నా వేళ్ల కింద ఆయన మణికట్టు దగ్గర నాడి మళ్లీ కొట్టుకుంది. నా మొత్తం సర్వీసులో నేను ముట్టుకున్న అన్నిటికంటే విలువైనది అదే.

తొమ్మిదో రోజున ఆయన నడుచుకుంటూ ఇంటికి పోయాడు. నేను చేసిన తప్పు ఆయనకు తెలియదు. సిస్టర్ నన్ను తిట్టలేదు. మర్నాడు మాత్రం టీ తాగుతూ అంది: సున్నా అన్న అంకె కనిపిస్తే సంతోషపడకు, భయపడు. పిల్లలూ, మీకు నేను ఇచ్చే ఆస్తి ఈ మాటే.

మానేసి వెళ్లిపోయిన ముగ్గురిలో ఒకమ్మాయి వెళ్తూ, "ఇక్కడ పేరంతా డాక్టర్లదే, మాకేముంది" అందట. ఆమె బాధ నాకు అర్థమవుతుంది. ఆమెకు గెర్డా డిట్సెన్ సంగతి చెప్పి ఉంటే బాగుండేది. 1929లో జర్మనీలో ఎబర్స్‌వాల్డే అనే చిన్న ఊరి ఆసుపత్రిలో ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు, చేతి నరంలో నుంచి సన్నటి గొట్టాన్ని గుండె దాకా పంపవచ్చని అనుకున్నాడు. పైవాళ్లు ఒప్పుకోలేదు. శుభ్రం చేసిన పనిముట్లు ఉండేది ఆపరేషన్ థియేటర్ నర్సు డిట్సెన్ చేతిలో. ఆమె ఇస్తానంది, ఒక షరతు మీద. ఆ ప్రయోగం తన మీద చెయ్యాలి. ఆయన ఆమెను బల్లకు కట్టి, ఆమె చూడకుండా గొట్టాన్ని తన చేతిలోకే ఎక్కించుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ మెట్లు దిగి ఎక్స్‌రే గదికి పోయి, గొట్టం కొన గుండెలో ఉందని చూశారు. 1956లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇవాళ మన క్యాథ్ ల్యాబ్‌లో రోజూ జరిగే పనికి మొదట చెయ్యి చాచిన మనిషి ఒక నర్సు.

మా వైపు సంగతి మరొకటి చెప్పాలి. మహేశ్వరం నుంచి పట్నం పోతుంటే పహాడీషరీఫ్ దగ్గర ఎడం కుడి కంచెలు వేసిన రక్షణ శాఖ భూములుంటాయి. రీసెర్చ్ సెంటర్ ఇమారత్ అక్కడే, 1988లో అబ్దుల్ కలాం చొరవతో వచ్చింది. క్షిపణులు చేసే చోటు. బస్సులో పోయేటప్పుడు మాకు గోడలే కనిపించేవి. కలాం ల్యాబ్‌లోని తేలికపాటి పదార్థాన్ని నిమ్స్ ఎముకల డాక్టరొకరు చేత్తో పట్టుకుని చూసి, పోలియో పిల్లల కాళ్లకు పనికొస్తుందన్నారు. మూడు కిలోల లోహపు కాలిపర్ల స్థానంలో మూడు వందల గ్రాములవి చేసిచ్చారు. గుండె డాక్టరు బి. సోమరాజు, కలాం కలిసి స్టెంట్ మీద పనిచేశారు. 1998లో కలాం-రాజు స్టెంట్ వచ్చింది. అంతవరకు స్టెంటంటే విదేశాల సరుకే. రేటు వినగానే బంధువులు వరండాలో గోడకానుకుని కూలబడడం నేను కళ్లారా చూశాను. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరకు గరిష్ఠ పరిమితి పెట్టింది. మామూలు లోహపు స్టెంట్ 7,260 రూపాయలు, మందు పూసినది 29,600. ఆ వారం బిల్లింగ్ కౌంటర్ దగ్గర నేను చూసిన మొహాలు వేరు.

డబ్బు వల్ల ఆగిపోయిన ఆపరేషన్ల లెక్క ఎవరూ రాయలేదు. గొంతు నొప్పితో మొదలై కీళ్ల వాతమై, చివరికి వాల్వు పాడయ్యి వచ్చే పల్లె పిల్లలు ఎంతమందో! ఇరవై ఒక్క రోజులకోసారి పెన్సిలిన్ సూది తప్పనివ్వకండని చీటీ మీద రాసిచ్చేదాన్ని. కొందరు తల్లులు ఆ చీటీని ముడుపులా దాచుకొని ఏళ్ల తర్వాత చూపించేవాళ్లు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదట మా పక్కనున్న మహబూబ్‌నగర్‌లోనూ, అనంతపురం, శ్రీకాకుళంలోనూ మొదలైంది. ఆ ఏడాది నుంచి మా వార్డు భాషే మారింది. "ఎంతైతది సిస్టర్?" అనే మాట తగ్గి "ఎప్పుడు చేస్తరు?" అనే మాట పెరిగింది. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో దాని పరిమితి పది లక్షలైంది.

మహేశ్వరానికి పట్నం దగ్గరైంది కూడా ఆ రోజుల్లోనే. 2005 ఆగస్టు 15న 108 వచ్చింది. 2008 మార్చి 23న శంషాబాద్‌లో విమానాలు దిగాయి. తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు మా తుక్కుగూడ పక్క నుంచే పోయింది. పెద్దనాయినను ఎడ్లబండి మీద తెచ్చిన దారి పక్కనే ఇప్పుడు అంబులెన్స్‌లు దూసుకుపోతుంటాయి. 2024లో మహేశ్వరం పేరుతో ప్రభుత్వ మెడికల్ కాలేజీకి అనుమతి కూడా వచ్చింది. ఆ వార్త పేపర్లో చదివి మా అమ్మకు వినిపించాను. తొంభై దగ్గర పడుతున్న మనిషి. "మీ పెద్దనాయిన ఉన్నప్పుడు రావొద్దా" అంది.

గుండె మార్పిడి సంగతి వచ్చినప్పుడు కొత్త పిల్లల కళ్లు మెరుస్తాయి. మెరవాలి కూడా. మన దేశంలో మొదటి విజయవంతమైన గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసిన పి. వేణుగోపాల్ రాజమండ్రిలో పుట్టినవాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదటిది చేసినవాడు ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే. 2013లో అవయవదాన పథకం జీవన్‌దాన్ మొదలయ్యాక దాతల గుండెలు ఒక వరుసలో, ఒక పద్ధతిలో రావడం మొదలైంది. బయటికి తీసిన గుండెకు గడువు సుమారు నాలుగు గంటలు. 2021 ఫిబ్రవరి 2న ఒక గుండె నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ దాకా మెట్రోలో, ఎక్కడా ఆగకుండా, అరగంటలోపు పోయింది. 2025 జనవరి 17 రాత్రి ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు మరొకటి. పదమూడు కిలోమీటర్లు, పదమూడు స్టేషన్లు, పదమూడు నిమిషాలు.

టీవీలో ఐస్ పెట్టె పట్టుకొని పరుగెత్తే వాళ్లనే చూపిస్తారు. అక్కడ దాత మంచం దగ్గర, బ్రెయిన్ డెడ్ అని చెప్పాక కూడా బీపీ పడిపోకుండా, ఒళ్లు చల్లబడకుండా రాత్రంతా చూసుకున్న నర్సును చూపించరు. దాత తల్లి చేయి పట్టుకొని కూర్చున్న కో-ఆర్డినేటర్‌ను చూపించరు. ఇక్కడ గుండె-ఊపిరితిత్తుల యంత్రం, అంటే మన పంపు, దగ్గర నిలబడి, ఛాతీలో గుండె లేని ఆ కాసేపు మనిషిని బతికించి ఉంచిన పర్ఫ్యూజనిస్టును చూపించరు. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో గిబ్బన్ ఆ యంత్రంతో మొదటిసారి గెలిచిన రోజు నుంచి అది ఎవరో ఒకరు కన్నార్పకుండా చూస్తుంటేనే నడుస్తోంది. కొత్త పర్ఫ్యూజనిస్టులిద్దరికీ నేను ప్రత్యేకంగా చెప్పాను. పంపు మీద ఉండగానే ఆ గుండె సొంతంగా కొట్టుకునే మొదటి దెబ్బను అందరికంటే ముందు గుర్తుపట్టే హక్కు మీది. దాన్ని ఎవరి పేరూ కప్పలేదు.

చివరగా పట్నంలోని ఆరాంఘర్ చౌరస్తా సంగతి. 2023 ఫిబ్రవరిలో ఆ చౌరస్తాలో బస్సు దిగిన ఒక మనిషి కుప్పకూలితే, డ్యూటీలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ మోకాళ్ల మీద కూర్చుని ఛాతీ నొక్కడం మొదలుపెట్టాడు. వీడియోలో కడుపు ఎగిసిపడడం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ వారాల్లోనే రాష్ట్రంలో సీపీఆర్ శిక్షణలు మొదలయ్యాయి. ఆ కానిస్టేబుల్ ఒంటి మీద తెల్లకోటు లేదు, చేతిలో యంత్రం లేదు. 1981లో మా బస్సులో అట్లాంటి మనిషి ఒక్కడున్నా చాలు అనిపించింది.

అందుకే రిటైరైనాక శివగంగ పక్కన చెట్టు నీడన ఆదివారం పొద్దున మా ఊరోళ్లకు సీపీఆర్ నేర్పుతున్నాను. ఆటో డ్రైవర్లు, కిరాణా కొట్టు వాళ్లు, పదో తరగతి పిల్లలు వస్తారు. ఛాతీ నడిమి ఎముక మీద రెండు అరచేతులు, మోచేతులు వంచకుండా, ఐదు సెంటీమీటర్ల లోతు, నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు. అల్లం రసం వద్దు, 108కి ఫోన్ చెయ్యండి అని మొదట చెప్తాను. నొక్కి చూసుకోవడానికి బొమ్మలు రెండే ఉన్నాయి. పక్కన నిలబడి తప్పు దిద్దడానికి నేనొక్కదాన్నే. మీలో ఆదివారం ఆఫ్ ఉన్నవాళ్లు శ్రీశైలం బస్సెక్కి మహేశ్వరం గేట్ దగ్గర దిగండి. ఏడున్నరకు మొదలుపెడతాం, టీ మా ఇంట్లో.